తెరకు కుడివైపు

మార్చి 4, సోమవారం
ఆదిబాబు గారి ప్రోస్టేట్ బయాప్సీ చూశాను. పద్నాలుగు ముక్కలు. ఎక్కడా కేన్సర్ లేదు. సంతకం పెట్టేశాను. ఈ హిందీ ఊళ్లో తెలుగు డాక్టరమ్మనని నాతో మాత్రం మనసు విప్పి మాట్లాడతాడు. బయాప్సీ సూది వేసిన డాక్టర్ భార్గవ్‌తో హిందీయేనట. భార్గవ్ నా మొగుడని తెలియదు.

మార్చి 5
గురువారం మీటింగ్‌లో స్లైడ్లనీ స్కాన్‌నీ పక్కపక్కన పెట్టి చూపించాలి. అది నా పని. ఎమ్మారై తెరిచాను. ఎడమ పక్కన బఠాణీ గింజంత మచ్చ. ఆ మచ్చ కోసం విడిగా తీసిన రెండు ముక్కల సీసా మీద రైట్ అని ఉంది. భార్గవ్ చేతిరాత.

స్కాన్‌లో రోగి మనకు ఎదురుగా ఉన్నట్టే. ఆయన ఎడమ తెరకు కుడివైపు వస్తుంది. ఫస్టియర్ పిల్లలకూ తెలుసు. ఆరోజు భార్గవ్‌కి అది ఏడో కేసు. మిగతా పన్నెండు ముక్కలకూ మచ్చ తగల్లేదు.

మార్చి 6, ఉదయం 8
చెప్పాను. స్కాన్లు తప్పు చూపించవా అన్నాడు భార్గవ్. ఆరు నెలలకు పీఎస్ఏ రక్తపరీక్ష చేస్తాంగా, అప్పుడు దొరుకుతుందిలే అన్నాడు. వచ్చే నెల నా ఉద్యోగం పర్మనెంట్ చేస్తారు, ఇప్పుడే మా హెడ్ భుజంగరావు సార్ ముందు నన్ను నిలబెడతావా అన్నాడు. అసలు మాట చివరిదే.

ఆస్పత్రికి వెళ్లే దారిలో మాంగో బ్రిడ్జి మీద నలభై నిమిషాలు జామ్. ఒకే కారు. ఇద్దరమూ అద్దంలోంచి బయటికే చూశాం.

మధ్యాహ్నం 1
ఆదిబాబు లడ్డూలు తెచ్చాడు. రోగం నేదన్నారు కదా, ఆదివారం బండెక్కుతన్నాం, సింహాచలంలో మా ఇంటిది జోగమ్మ మొక్కుంది, ఆపైన ఊర్లోనే ఉండిపోతాం, ఇంక మీ ఆస్పత్రి గడప తొక్కనమ్మా అన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. లడ్డూ తిన్నాను.

మార్చి 7, గురువారం
మీటింగ్‌లో, స్కానే తప్పు చూపించిందని చెప్పాను. సార్ తలూపారు. తరువాతి కేసు.

మార్చి 8
నా మీద నాకే అసహ్యంగా ఉంది.

మార్చి 9
రేపే వాళ్ల ప్రయాణం. సీసా, స్కాన్ తీసుకుని సార్ గదికి వెళ్లాను. గురువారం అబద్ధం చెప్పానన్నాను. ఆయన స్కాన్ చూశారు, సీసా మీద రాత చూశారు. ఇక్కడికొచ్చినట్టు ఇంట్లో తెలుసా అన్నారు. తెలియదన్నాను.

తర్వాత ఆదిబాబుకి ఫోన్. మళ్లీ బయాప్సీ కావాలి, సూది వేరేవైపు పడింది అన్నాను. ఏటమ్మా ఇది, ఎవలేసినారు సూది అన్నాడు. మా ఆయనే అన్నాను.  అయితే టికెట్లు వాపస్ చేసేత్తాను అన్నాడు.

సాయంత్రం భార్గవ్‌కి నేనే చెప్పాను. వంటింట్లో నిలబడి అన్నీ విన్నాడు. స్టవ్ కట్టేసి బయటికి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

మార్చి 21
ఎడమ పక్క రెండు ముక్కలు. రెండింట్లోనూ కేన్సర్ ఉంది. వైద్యానికి వేళ మించిపోలేదు.

సూది ఈసారీ భార్గవే వేశాడు. ఆదిబాబే పట్టుబట్టాడట, తప్పు చేసినోడికే గురుతుంటాది అని.

ఇంట్లో ఇంకా మాటల్లేవు. సూది వేసిన రోజు భార్గవ్ తన ఎడమ చేతి మీద పెన్నుతో లెఫ్ట్ అని రాసుకున్నాడు. మూడు రోజులైనా చెరగలేదు. స్నానం చేశాక మళ్లీ రాసుకుంటున్నాడు.