బ్రాకెన్ వీధి ఏడో నంబరు ఇంటి నల్లపట్టీలు

హాలిన్‌డెన్ పాతరికార్డుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: 1939 నాటి ఇంటింటి లెక్కలో అప్పటి మా ఇల్లు బ్రాకెన్ వీధి ఏడో నంబరు కింద నల్లపట్టీ వేసి మూసిన పేరును తెరిపించుట గురించి.

హాలిన్‌డెన్ వాస్తవ్యురాలు, బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వడ్డించి రిటైరైన మేవిస్ హార్‌గ్రీవ్స్ అను నేను, వయస్సు ఎనభై ఏడు, తమకు మనవి చేసుకొనుట ఏమనగా:

1. గత చలికాలం పొద్దుపోక వంశవృక్షం గీయుటకు కూర్చుంటిని. 1881 జనాభా లెక్కల్లో ముత్తాత దొరికెను. అంతకు ముందు చర్చి పుస్తకాల్లో గొర్రెలు కాసిన ఆయన తాత కూడా దొరికెను. చచ్చినవాళ్ళంతా సులువుగానే దొరికారు. యుద్ధం మొదలైన నెలలో ప్రభుత్వం వారు ఇంటింటికీ మనిషిని పంపి రాయించిన లెక్కకు వచ్చేసరికి చిక్కు వచ్చినది. మా ఇంటి కింద నాలుగు వరుసలు కలవు. ఒకటి మా నాన్న వాల్టర్ క్రాషా, నూలుమిల్లు పని. రెండు మా అమ్మ నెల్లీ. మిగిలిన రెండింటి మీద నల్లపట్టీలు. బతికి ఉండవచ్చునన్నవారి వరుస, పుట్టి నూరేళ్ళు నిండేదాకా చూపరాదని నియమమట. ఒక పట్టీ కింద ఉన్నది నేనే, అప్పటికి ఏడాది పిల్లను. రెండో పట్టీ కింద ఎవరు? నేను మా అమ్మకు ఒక్కగానొక్క కూతురినని ఇన్నేళ్ళూ నమ్మినదానను.

2. తమ ఆఫీసు కౌంటరులోని పిల్లింగ్ గారిని అడిగితిని. జరిగిన సంభాషణ యథాతథంగా సమర్పించుచున్నాను.

“మరణపత్రం తెండి మామ్మగారూ, వెంటనే తెరుస్తాం.”

“పేరు తెలియకుండా మరణపత్రం ఎక్కణ్ణించి తేనయ్యా?”

“పేరు పట్టీ కింద ఉందండి.”

“అయితే పట్టీ తియ్యి.”

“మరణపత్రం ఉంటేనే తీస్తామండి.”

పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు. తమ నియమావళిని ఇంతకన్నా వినయంగా వర్ణించుట నా వల్ల కాదు.

3. మా అమ్మ చెల్లెలు ఏడా పిన్ని తొంభై ఏడేళ్ళది, వృద్ధాశ్రమంలో ఉన్నది. వెళ్ళి అడిగితిని. ఆమె బిస్కెట్టు టీలో ముంచి, అది విరిగి కప్పులో పడిపోయినా చూసుకోలేదు.

“ఎవరు వాగారే నీకు?”

“సర్కారు వాగింది పిన్నీ. మా ఇంట్లో ఇంకో పిల్ల ఉండేదా?”

“ఉండేది. నోరు విప్పనని మీ అమ్మకు ఒట్టేశాను. అది పోయి ముప్ఫయ్యేళ్ళయింది, ఇంకేం ఒట్టులే. మీ వీధి చర్చిలో వెతికావు కదూ, నీ మొహం! తొలిచూలు పుట్టింట్లోనే కదే. స్కార్‌బెక్‌లో కన్నది, బాప్తిస్మం అక్కడే ఇప్పించింది. ఐవీ దాని పేరు. నిన్ను చంకనేసుకుని వీధంతా తిరిగేది, నువ్వేమో దానిలో సగం ఉండేదానివి.”

1940లో, యుద్ధానికి వెళ్ళిన మా నాన్న ఫ్రాన్సు నుంచి తిరిగి రాలేదట. అమ్మ మిల్లుకు పోతే ఇద్దరినీ చూసే దిక్కు లేదట. బ్లాక్‌పూల్ వైపు నుంచి పిల్లల్లేని దంపతులెవరో వచ్చి ఐదేళ్ళ ఐవీని తీసుకుపోయారట. వాళ్ళ పేరు పిన్నికి తెలియదు.

“నన్నెందుకు ఇవ్వలేదు పిన్నీ?”

“నీకు కోరింతదగ్గు. జబ్బుపిల్లను ఎవరు తీసుకుంటారే?”

అయ్యా, ఇది ఫిర్యాదు కిందకు వచ్చునో రాదో నాకు తెలియదు. నేను అమ్మకు ముద్దుల బిడ్డనని అనుకునేదాన్ని. ఆ సాయంత్రం అమ్మ సమాధి దగ్గరికి పూలు తీసుకెళ్ళి, పెట్టకుండా వెనక్కి తెచ్చుకున్నాను. మర్నాడు వెళ్ళి పెట్టాను. ఎంత ఏడ్చి ఉంటుందో పిచ్చిది, నాకు కనబడకుండా.

4. స్కార్‌బెక్ చర్చి వారు పుస్తకం తీసి చూపించిరి. ఐవీ క్రాషా, 1935 వసంతం. ఆ పేరుతో మరణం ఎక్కడా నమోదు కాలేదు. పెళ్ళీ నమోదు కాలేదు. పెంచినవారి ఇంటిపేరు తగిలించుకున్న పిల్ల పాత పేరుతో ఎట్లు దొరుకును? అయితే తమకు తెలియని సంగతి కాదు, ఆ యుద్ధకాలపు లెక్కను తరువాత చాలా ఏళ్ళు ప్రభుత్వం వారు దిద్దుతూ వచ్చిరి. ఎవరి ఇంటిపేరు మారినా అదే వరుసలో వేరే సిరాతో కొత్తపేరు రాసిరి. కనుక మా అక్క నేడు ఏ పేరుతో ఉన్నదో అది ఆ పట్టీ కింద ఉండి ఉండును. పిల్లింగ్ గారికి మరల మొర పెట్టుకొంటిని.

“మరణం దొరకలేదంటే బతికే ఉండొచ్చండి. బతికున్నవాళ్ళది తెరవకూడదు. నూరేళ్ళు నిండగానే దానంతటదే తెరుచుకుంటుంది, ఇంకో పదేళ్ళేగా.”

“అప్పటికి నాకు తొంభై ఏడు నాయనా.”

“మీరు గట్టిగానే ఉన్నారుగా మామ్మగారూ!”

మంచివాడే, తిట్టబుద్ధి కాలేదు. నిజం చెప్పొద్దూ, “బతికే ఉండొచ్చు” అన్న మాటకు ఇంటికొచ్చి సంతోషంతో ఏడ్చాను.

5. ఏడ్చి ముఖం కడుక్కున్నాక బుద్ధి వెలిగినది. నేను ఐవీని ఎరుగను. ఐవీ నన్ను ఎరుగును. ఐదేళ్ళ పిల్ల తాను చంకనెత్తుకున్న చెల్లెల్ని మరిచిపోవునా? తాను కూడా నన్ను వెతుకుతూ ఏదో ఒక కౌంటరు ముందు నిలబడి ఉండును. అమ్మ పేరు కింద ఆమెకూ పట్టీయే కనబడును. పెళ్ళయ్యాక నా ఇంటిపేరు హార్‌గ్రీవ్స్ అయిన సంగతి ఆమెకెవరు చెప్పెదరు? మేవిస్ మరణపత్రం తెమ్మని ఆమెను కూడా వెనక్కి పంపి ఉందురు. ఇది తలచుకుంటే నాకు అన్నపానాలు సహించడం లేదు.

కావున తమరు దయతలచి, ఐవీ పట్టీ తీయుట నియమవిరుద్ధమైనచో దానిని అట్లే ఉంచుకొనుడు. నా పట్టీ తీసివేయుడు. నేను బతికే ఉన్నాను, నా పేరు నలుగురికీ చూపుటకు నాకు సమ్మతమే. పక్కన మేవిస్ హార్‌గ్రీవ్స్ అని, ఈ దిగువ చిరునామా అని, పెద్ద అక్షరాలతో రాయించుడు. బతికున్న మనిషి తన పట్టీ తానే తీయించుకొనుటకు నియమం లేదందురేమో, అట్లయిన ఒక నియమం రాయుడు, తమరు అధికారులు కదా. ఈ ముసలిదాని మొర చిత్తగించి, జవాబు నేనుండగానే దయచేయవలెను.

తమ విధేయురాలు
(జవాబు వచ్చేవరకు మాత్రమే),
మేవిస్ హార్‌గ్రీవ్స్, పుట్టింటి పేరు క్రాషా,
3, చాపెల్ మిట్ట, హాలిన్‌డెన్.

తా.క.: పిల్లింగ్ బాబూ, ఇది నీకు. తొంభై ఏళ్ళావిడ ఎవరైనా వచ్చి నెల్లీ క్రాషా పిల్లల గురించి అడిగిందనుకో, ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టు. నాకు ఫోను చెయ్యి. బస్సెక్కి వచ్చేస్తాను. నేనొచ్చేదాకా నీ నియమాలన్నీ ఒక్కొక్కటే చదివి వినిపించు, మధ్యలో ఆపకు. ఒకసారి పోగొట్టుకున్నాం నాయనా. ఈసారి వెళ్ళనివ్వకు.