మళ్ళీ రానివాళ్ళ లెక్క

చిరంజీవి బుజ్జమ్మకు అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నాన్నగారు, తమ్ముడు క్షేమం. అక్కడ నువ్వూ అల్లుడుగారూ క్షేమమని తలుస్తాను.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు. కిటికీ రెక్క బాగు చేయించాం. తమ్ముడు పరీక్ష రాశాడు. ఎలా రాశావంటే భుజాలెగరేస్తున్నాడు. నాన్నగారి కొత్త కళ్ళద్దాలు ఇంట్లోనే ఉన్నాయి, ఎక్కడున్నాయో మాత్రం ఆయనకు తెలియదు.

ఆపరేషన్ల మీద వచ్చే పరిశోధనలన్నీ చదివి పోల్చడమే నీ ఉద్యోగం కాబట్టి, పక్కింటావిడ కోసం నేనడిగింది ఓపిగ్గా వివరించావు. కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టం మొదట్లోనే ఇరుకైతే, ఆ ముక్క తీసేసి మళ్ళీ కలిపి కుట్టడానికి రోబో వాడుతున్నారని రాశావు. ఇదివరకు అసలు ఇది సాధ్యమా అని చూసేవారట. ఇప్పుడు పసిపిల్లలకు ఎలా చేయాలి, ఒకసారి చేసినా మళ్ళీ మూసుకుపోయినవాళ్ళకు ఎలా, కుట్టు ఎన్నేళ్ళు నిలుస్తుంది అని చూస్తున్నారట. ఆ చివరి ప్రశ్న దగ్గరే నీ పని ఆగిపోతోందన్నావు. నొప్పి తగ్గగానే చాలామంది మళ్ళీ చూపించుకోవడానికి రారు, వాళ్ళ సంగతి ఎవరికీ తెలియదు.

ఆ మాట పట్టుకునే, ఇక్కడ ఈ ఆపరేషన్ చేసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. నాన్నగారు కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టారు. "మధ్యలో కరెంటు పోతే ఆ మరమనిషి ఏం చేస్తాడండీ?"

"మరమనిషెవరూ లేరండీ, ఇనప చేతులున్నాయి. వాటిని ఆడించేది నేనే. కరెంటు పోతే బ్యాటరీ, అదీ పోతే నా చేతులు" అని నవ్విందావిడ.

"అందరికీ బాగైందంటున్నారు. మళ్ళీ రానివాళ్ళకు బాగైందని ఎలా తెలుసు?" అన్నాను.

ఆవిడ కలం కింద పెట్టింది. "తెలీదమ్మా. బాగుండే రాలేదనుకుంటాం. అందుకే ఆపరేషన్ తర్వాత ఐదేళ్ళపాటు చూపించుకోవడానికి వచ్చేవాళ్ళ కోసం చూస్తున్నాం."

బుజ్జీ, క్షేమంగా ఉన్నవాళ్ళలో నన్ను రాయలేదని గమనించే ఉంటావు. ఇరుకు పక్కింటావిడకు కాదు, నాకు. ఆవిడ గుండ్రాయిలా ఉంది. నా కుడి కిడ్నీ ఉబ్బింది, ఇంకా నానిస్తే పనిచేయడం మానేస్తుందట. చెబితే ఉన్నపళంగా బయల్దేరతావని దాచాను. "ఇంకొకరికి చూపిద్దామే, తొందరేముంది" అని నాన్నగారు ఇంకా గొణుగుతున్నారు. నేను ఆగను. గురువారం ఆపరేషన్.

ఇప్పుడు రావద్దు. కుట్టు మానేదాకా లోపల సన్నటి గొట్టం ఉంచుతారు. అది తీసేశాక రా, నీకు వండిపెట్టే ఓపిక అప్పటికి వస్తుంది. ఐదేళ్ళూ వస్తానని సంతకం పెట్టాను. నొప్పి ఉన్నా లేకపోయినా, ఎండైనా వానైనా వెళ్తాను. నువ్వు వెతుక్కునే ఆ మళ్ళీ రానివాళ్ళలో మీ అమ్మ ఉండదు.

ఇట్లు,
నీ మీద బెంగతో, నా మీద ధీమాతో,
అమ్మ