పెళ్లికానివాళ్లమని సంతకం

అబూ హలీఫా, కువైట్

పూజ్యులైన అన్నయ్యగారికి,

తమ్ముడు రామ్మూర్తి నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరూ, వదినా, మీ రక్తపోటూ క్షేమమని తలుస్తాను. ఇది చదివేముందు మాత్ర వేసుకోండి.

ఎండలు ముదిరాయి. చన్నీళ్ల కుళాయి తిప్పినా కాగిన నీళ్లే వస్తున్నాయి. షర్క్‌లో మా ఆఫీసు కిటికీలోంచి సముద్రం కనబడుతుంది, దుమ్ము లేచిన రోజు అదీ లేదు. వంట నేనే చేసుకుంటున్నాను. మాట్లాడేవాళ్లు లేక పుస్తకం ఎదురుగా పెట్టుకుని తింటాను. బాగానే ఉన్నాను, దిగులు పడకండి. పడరని తెలుసు, అయినా ఉత్తరంలో రాయాలి కదా.

ఇక మీరు ఫోనులో ఆజ్ఞాపించిన సంగతి. మీ కూతురు శిరీష ఆ డ్రైవరును చేసుకోకుండా నేను అడ్డుపడాలన్నారు. ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా తన కాళ్లమీద తాను నిలబడిన పిల్ల, మిష్రిఫ్‌లో ఒక కువైటీ ఇంట్లో కారు నడిపే రాయచోటి ఓబులేసును చేసుకుంటే మీ పరువు పోతుందన్నారు. నేను అడ్డుపడే అవసరం రాలేదు. ఆ పని విశ్వనాథం చేసిపెట్టాడు.

ఈ విశ్వనాథం గోదాములో స్టోర్‌కీపరు, మా పక్క బిల్డింగు. తెలుగువాళ్ల ఫ్లాట్లలో సత్యనారాయణ వ్రతాలు చేయించి చేయించి తాను పురోహితుణ్ణేనని నమ్మేశాడు. మాది పాత స్నేహం. ఒకరి తప్పు ఒకరు పట్టుకోవడానికే కలుసుకుంటూ ఉంటాం. పెళ్లి చేయించమని పిల్లలిద్దరూ అతన్ని అడిగారు, నన్ను సంప్రదించలేదు. మన ఊళ్లో పీటల మీద కూర్చుని లేస్తే పెళ్లయినట్టే, కాగితం ఎవరూ అడగరు. ఇక్కడా అంతేననుకున్నారు.

శుక్రవారం పొద్దున్న విశ్వనాథం ఫ్లాటులో ముహూర్తం. హోమం వెలిగిస్తే పొగకి అలారం మోగి బిల్డింగు కాపలాదారు పైకొస్తాడని భయపడి, హారతి పళ్లెంలో కర్పూరం వెలిగించి అదే అగ్నిసాక్షి అన్నాడు. సోఫాలు అడ్డమని ఏడడుగులు ఎత్తేశాడు. ఫోనులో చూసి మంత్రాలు చదివి, తాళి కట్టించి, "యల్లా, భోజనాలకి లేవండి" అన్నాడు.

నేను పులిహోర తిన్నాను. పాయసం కూడా అయ్యాక అడిగాను, వీళ్లు ఒక ఇంట్లో అద్దెకు దిగాలంటే మ్యారేజ్ సర్టిఫికెట్ చూపాలి, అది నువ్విస్తావా అని.

"ఫొటోలున్నాయి కదరా," అన్నాడు.

"ఫొటోల్లో నీ పొట్ట తప్ప ఏమీ పడలేదు," అన్నాను.

అప్పుడు అందరూ వినేలా వివరంగా చెప్పాను. ఈ దేశంలో స్నేహితుడు చదివిన మంత్రానికి చట్టం దృష్టిలో విలువ లేదు. మన రాయబార కార్యాలయంలో వివాహాధికారి ముందు, ముగ్గురు సాక్షులతో జరగాలి. దానికి ముందు నెల రోజులు నోటీసు అంటించాలి. అది లేకుండా కలిసి ఉంటే, ఎవడో ఒకడు ఫిర్యాదు చేసిన రోజున ఇద్దరి ఇఖామాలూ, అంటే ఇక్కడ ఉండనిచ్చే అనుమతులు, రద్దు చేసి విమానం ఎక్కిస్తారు. ఉద్యోగాలు ఖలాస్.

ఓబులేసు చేతిలో గ్లాసు కింద పెట్టి, "అయితే ఇంగ మేమేం జెయ్యల్ల సార్?" అన్నాడు. విశ్వనాథం వంటింట్లోకి వెళ్లిపోయాడు. శిరీష మాత్రం నా మొహంలోకి సూటిగా చూసింది.

"మీకు ముందే తెలుసు కదా బాబాయ్. ఎందుకు చెప్పలేదండి?"

"నన్నడిగావా?"

ఆ పిల్ల ఏడవలేదు. "అచ్చం నాన్నలాగే ఉన్నారండి," అంది.

అన్నయ్యగారూ, నన్ను చాలామంది చాలా అన్నారు. ఇంత మాట ఎవరూ అనలేదు.

అందుకే ఇక్కడ పనిరోజైన ఆదివారం సెలవు పెట్టి వాళ్లను నేనే రాయబార కార్యాలయానికి తీసుకెళ్లాను. ఇద్దరూ పెళ్లికానివాళ్లమని రాసివ్వాలి. కౌంటరు దగ్గరామె శిరీష మెడలో పసుపుతాడు చూసి, ఇదేమిటని నిలదీసింది. పెళ్లయిందంటే దరఖాస్తు వెనక్కి. కాలేదంటే ఆ తాడు ఏమిటి? సాక్షి సంతకానికని వచ్చిన విశ్వనాథాన్ని ముందుకు నెట్టి నేనే అడిగాను. హోమం చేశావా? లేదు. ఏడడుగులు వేయించావా? లేదు. అలాంటప్పుడు మన చట్టం ప్రకారం కూడా అది పెళ్లి కాదు, మొన్న జరిగిందేమిటో ఈ కౌంటరామెకి నీ నోటితోనే చెప్పమన్నాను.

"పూజండి. చిన్న పూజ," అన్నాడు. పిల్లలకి దారి దొరికింది అలారానికి జడిసి హోమం మానేసిన అతని పిరికితనం వల్లే. ఆ మాట అతనితో అనలేదు, సంతోషిస్తాడని.

శిరీష పక్కకి తిరిగి తాడు తీసి పర్సులో పెట్టుకుంది. ఓబులేసు ఆ పర్సునే చూస్తూ నిలబడ్డాడు. ఇద్దరూ పెళ్లికానివాళ్లమని సంతకాలు పెట్టారు.

నోటీసు మన దేశంలోనూ పడుతుంది. అభ్యంతరం పెట్టాలని మీకు తోస్తుంది. చట్టం తెప్పించుకుని మొత్తం చదివాను. వయసు చాలకపోతే పెట్టవచ్చు. ముందే భార్యో భర్తో ఉంటే పెట్టవచ్చు. దగ్గరి రక్తసంబంధమైతే పెట్టవచ్చు. మరికొన్ని ఉన్నాయి, అవీ వీళ్లకు తగలవు. శిరీష పుట్టినతేదీ పత్రం కోసం బీరువా వెతక్కండి. వదిన కొరియరు చేసింది, అందింది. ఆవిడ మీద అరవకండి, ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు చింతచిగురు కూడా పంపమనండి.

నేను కాకినాడ సరోజను చేసుకుంటానన్నప్పుడు, మీరు వాళ్లింటికి వెళ్లి గుమ్మంలోనే నిలబడి "మా ఇంట్లో ఇష్టం లేదు" అని వచ్చేశారు. అప్పట్లో ఆ ఒక్క మాట సరిపోయింది. నేనూ నోరెత్తలేదు, ఒంటరిగానే ముసలివాణ్ణయ్యాను. ఇప్పుడు ఈ దరఖాస్తులో మీ ఇష్టం రాయడానికి గడి లేదు. రెండువైపులా తిప్పి చూశాను.

వదినకు నా నమస్కారాలు చెప్పండి. పెద్దల ఆశీర్వాదం కోరడం మర్యాద. నాకు అక్కర్లేదు. శిరీష మాత్రం అడగమంది. మీరు ఇవ్వకపోయినా పెళ్లి చెల్లుతుందని చెప్పాను. అయినా అడగమంది.

ఇట్లు
మీ తమ్ముడు రామ్మూర్తి,
మూడో సాక్షి