మాడని పిజ్జా

ఆదివారం రాత్రి, ధర్మవరం.

వ్యాసరచనలో నాకు మొదటి బహుమతి వచ్చిందని నాయన ఈరోజు హిందూపురంలో కొత్తగా తెరిచిన పిజ్జా హోటల్‌కు తీసుకెళ్లాడు. ఇటలీ పద్ధతిలో కట్టెల పొయ్యిలో కాల్చిన పిజ్జా వచ్చింది. అంచుల మీద నల్లటి బొబ్బలున్నాయి.

"ఏమబ్బా, మా వాలకం చూసి మాడిన రొట్టె తెచ్చి పెడతావా?" అని నాయన వడ్డించినతని మీద అరిచాడు.

పొయ్యి దగ్గరుండే వంటమనిషి నవ్వుతూ వచ్చాడు. "మాడలేదన్నా, ఇది ఇట్లే ఉంటాది."

ఆ నవ్వు చూసి నాయన లేచి అతని చెంప పగలగొట్టాడు. అతను తూలి పక్క బల్ల మీద పడ్డాడు. గ్లాసు పగిలి మోచెయ్యి తెగింది. పిండి అంటిన ఆ తెల్లటి చేతి మీద నెత్తురు సన్నటి గీతలా దిగింది. నాయన మళ్లీ చెయ్యెత్తితే నలుగురు పట్టుకున్నారు.

ఆ నల్లమచ్చలు ఉండాల్సినవేనని నేను ముందే చదివాను. చెప్పాల్సిన వాక్యం మొత్తం నా నోట్లోనే ఉంది.

తిరుగు బస్సు పెనుకొండ దాటాక ఆ మాట చెప్పాను. నాయన తన అరచేతిని చాలాసేపు చూసుకున్నాడు. రోజంతా మగ్గం మీద తెగిన పట్టుపోగులు అతికే చెయ్యి అది.

"తెలిసీ నన్నెందుకు కొట్టనిస్తివి పాపా? ఆడనే చెప్పింటే ఆగేవాణ్ణి గదా."

చెప్పి ఉంటే ఆ దెబ్బ నాకే పడేదని ఆయనతో అనలేకపోయాను.