నేల ఉడుత నిద్ర, గొళ్ళెంలో పుల్ల

సెప్టెంబర్ 24

ఇంటి వెనక ఇసుకగట్టులో ఉండే నేల ఉడుత ఈ రోజు కన్నం మూసేసింది. లోపలి నుంచి మట్టి దట్టించింది. మగది. ఆడవి ఆగస్టులోనే నిద్రకు వెళ్ళిపోయాయి. మగవాళ్ళకు ఆలస్యం అలవాటు.

ఇక ఏప్రిల్ దాకా రాదు. దాని గురించి ఎవరూ చర్చిలో ప్రార్థన చెయ్యరు. "పాపం, నలుగురిలో కలవడం లేదు" అనరు.

మే నెలలో, నది మంచు పగిలిన వారంలో, నా భార్య అసియాక్ పోయింది. అప్పటి నుంచి ఎవరో ఒకరు గిన్నెతో వస్తూనే ఉన్నారు. కూర్చుంటారు. నన్ను చూస్తారు.

నిర్ణయం: ఏప్రిల్ దాకా నేనూ శీతనిద్ర! ఇన్నేళ్ళు బడిలో సైన్సు చెప్పాను. చెప్పినదాన్ని ఒక్కసారి ఆచరించి చూస్తాను.

సెప్టెంబర్ 25

ఏర్పాట్లు అద్భుతం. ఎండుచేపలు, కారిబూ జింక మాంసం, టీ, గట్టి బిస్కెట్లు రెండు డబ్బాలు. ఉడుత దాచుకున్న గింజల్ని వసంతం దాకా ముట్టదు. నేనూ వీలైనంత వరకు ముట్టను.

తలుపు గొళ్ళెంలో బయటి నుంచి పుల్ల దూర్చాను. మా ఊళ్ళో పుల్ల ఉంటే ఇంట్లో మనిషి లేడని అర్థం. దాన్ని ఎవరూ తియ్యరు. తర్వాత వంటింటి కిటికీలోంచి లోపలికి దూకాను. మోకాలు గీసుకుపోయింది. ఉడుతకు ఈ బాధ లేదు.

ప్రశాంతంగా ఉంది.

సెప్టెంబర్ 26

బిస్కెట్లు ఒక డబ్బా అయిపోయింది.

పదకొండు గంటలకు బయట మిర్నా గొంతు. అసియాక్ చెల్లెలు.

"బావా! పుల్ల ఉంది, మనిషి లేడు. మరి గొట్టంలోంచి పొగ వస్తోందేం? దయ్యం టీ కాస్తోందా?"

ఊపిరి బిగబట్టాను.

"దయ్యంగారూ! చేపల సూపు గుమ్మంలో పెడుతున్నా. మా బావ వస్తే ఇవ్వండి. గిన్నె కడిగి పంపమనండి. పోయినసారి అడుగున పొలుసులు అలాగే ఉన్నాయి."

సూపు బాగుంది. రేపటి నుంచి పొయ్యి వెలిగించను.

సెప్టెంబర్ 27

వెలిగించాను. నిద్రలో ఉడుత ఒళ్ళు, నీరు గడ్డకట్టే చలికన్నా చల్లబడుతుంది. అయినా రక్తం గడ్డకట్టదు. నాకు కాలివేళ్ళతోనే తెలిసిపోయింది, నాది ఆ జాతి కాదు.

అక్టోబర్ 8

బడిలో బాస్కెట్‌బాల్ ఆట చూసి వచ్చాను. ఇది నియమభంగం కాదు!! నేల ఉడుత కూడా చలికాలమంతా ఏకబిగిన అలా పడి ఉండదు. రెండు మూడు వారాలకోసారి వణికి వణికి ఒళ్ళు వేడెక్కించుకుంటుంది. కొన్ని గంటలు అలా ఉండి మళ్ళీ చల్లబడుతుంది. నేనూ వేడెక్కాను, అంతే. మనవాళ్ళు ఓడిపోయారు. రిఫరీకి కళ్ళు లేవు.

"దయ్యంగారు వచ్చారు, జరగండి!" ముందు వరసలోంచి మిర్నా కేక. అందరూ జరిగారు.

అక్టోబర్ 13

మిర్నా తలుపు తెరుచుకుని వచ్చింది. ఎవరూ తియ్యని పుల్ల ఆమె చేతిలో ఉంది.

"కొట్టడానికా?" అన్నాను.

"అవసరమైతే. మా రోవీనాకు ఆడపిల్ల పుట్టింది, పట్నం ఆస్పత్రిలో."

రోవీనా ఆమె కూతురు. సంతోషం అన్నాను.

"అక్క పేరు పెడదామనుకుంటున్నాం బావా. నీ మాట కోసం వచ్చా."

పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకు ఇస్తాం. ఇచ్చాక ఆ బిడ్డే వాళ్ళు. అప్పుడు ఆ పాప మిర్నాకు మనవరాలు కాదు, అక్క. రోవీనాకు కూతురు కాదు, పెద్దమ్మ. నాకు...

"వసంతంలో చూద్దాం" అన్నాను.

"అప్పటి దాకా పిల్లని 'ఏయ్' అని పిలవమంటావా? పేరు ఇవ్వకపోతే అక్క ఎక్కడ ఉంటుంది?"

గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆమె వెళుతూ పుల్లను మళ్ళీ గొళ్ళెంలో దూర్చింది. ఆ చప్పుడు లోపలికి వినిపించింది.

అక్టోబర్ 14

మే నెల నుంచి ఆ పేరు రాస్తున్నాను గాని పలకలేదు. పలికితే ఎవరు పలుకుతారు?

అసియాక్ గట్టు మీద ఉడుతలకు బిస్కెట్లు వేసేది. "తినండి, బలవండి. మీ తోళ్ళు నా కోటుకు అస్తరు" అనేది. అవి సిక్ సిక్ అని తిట్టేవి, తినేవి. ఎన్ని తరాల ఉడుతల్ని బెదిరించిందో. కోటు మాత్రం కుట్టలేదు.

ఒకసారి ఆమెకు చెప్పాను: చలికాలం కోసం ఒంట్లో దాచుకున్న కొవ్వులో ఎక్కువ భాగం ఉడుతకు నిద్రలో కాదు, మధ్యమధ్య మేలుకోవడానికే ఖర్చవుతుంది. అంత ఖర్చుపెట్టి ఎందుకు లేస్తుందో ఎవరికీ సరిగ్గా తెలియదు.

"నాకు తెలుసు. ఎవరైనా వచ్చారేమో చూడ్డానికి" అంది.

"అది శాస్త్రం కాదు."

"మర్యాద" అంది.

అక్టోబర్ 18

విమానం దిగే చోటికి వెళ్ళాను. వాతావరణం చూడడానికి. వాతావరణం ఇంటి దగ్గర కూడా ఉంటుందని మిర్నా అంది.

రోవీనా దిగుతూనే దుప్పటి మూట నా చేతుల్లో పెట్టింది. "పట్టుకో పెదనాన్నా, చేతులు పడిపోతున్నాయి."

పాప నిద్రపోతోంది. ముక్కు చల్లగా ఉంది. గాలి ఎక్కువగా ఉందని కోటు విప్పి లోపల పెట్టుకున్నాను. ఒక వణుకు. పాపదో, నాదో.

"ఇంకా పేరు లేదు. నీకు ఏప్రిల్లో గాని తీరదటగా" అంది రోవీనా.

"అసియాక్" అన్నాను. గాలికి వినపడలేదేమోనని మళ్ళీ అన్నాను.

పాప కళ్ళు తెరిచింది. నన్ను చూడలేదు, నా టోపీని చూసింది. చూసి, నా చొక్కా తడిపింది.

"ఇన్నాళ్ళూ పలకరించలేదు కదా, కోపం మా అక్కకి" అంది మిర్నా కళ్ళు తుడుచుకుంటూ. "తుడుచుకో, తుడుచుకో. మీ ఆవిడేగా!"

అక్టోబర్ 19

ఇంతవరకు జరిగింది సన్నాహం మాత్రమే. అసలు శీతనిద్ర ఇక మొదలు. ఈసారి పకడ్బందీగా! బిస్కెట్లు మూడు డబ్బాలు. పాత పుల్ల విరిగింది, గట్టిది చెక్కుకోవాలి. రేపటి నుంచి తలుపు తీసే ప్రసక్తే లేదు.

రేపు కాదు. రేపు మా ఆవిడ వస్తోంది. పొయ్యి ఉదయమే వెలిగించాలి.

ఎల్లుండి నుంచి.