ఓదెలుకిచ్చిన వంతు

కోరుట్ల,
అక్టోబరు 2011.

తమ్ముడు ఏసుబాబుకు,

ప్రభువు నామమున నీ అక్క రూతమ్మ ప్రేమతో రాయునది. ఆయన దయవల్ల ఇక్కడ మేమందరం బాగున్నాము. నువ్వు కూడా ఒంట్లో బాగుండి, వేళకింత తింటున్నావని తలుస్తాను.

నజీర్ చేతికిచ్చి నువ్వు పంపిన ఉత్తరం అందింది. ఫోనుండగా మళ్లీ ఉత్తరమెందుకని నవ్వకు. ఫోన్లో ఓదెలు పేరెత్తగానే నీకు సిగ్నల్ పోతుంది. కాగితం దగ్గర ఆ సాకు నడవదు. నజీర్ సెలవు అయిపోయి ఎల్లుండి దుబాయిలో మీ క్యాంపుకే వస్తున్నాడు. నువ్వు చదివేదాకా పక్కనుంచి లేవొద్దని అతనికి గట్టిగా చెప్పాను.

ముందు నువ్వు అడిగినవి చెబుతాను. ప్రీతి బడికి పోతోందా అన్నావు. తెలంగాణ సమ్మెతో బడులన్నీ బంద్. నీ మేనకోడలు పొద్దున లేచి దీక్ష శిబిరానికి పోతుంది, పాటలు పాడీ పాడీ గొంతు బొంగురు చేసుకుని వస్తుంది. ఇంట్లో అన్నీ సైగలే. మీ బావ పోచయ్య హమాలీ పనికి పోతున్నాడు, నడుం నొప్పి తగ్గింది. నేను బీడీలు చేస్తూనే ఉన్నాను. ఈ మధ్య ఇస్తున్న తునికాకులో సగం చిల్లులే.

తెలంగాణ వచ్చినాకే ఇంటికొస్తానని, ఈ నెలాఖరుకు కంపెనీలో మళ్లీ రెండేళ్లకు సంతకం పెడతానని రాశావు. తెలంగాణ నీ టికెట్ కోసం ఆగి లేదు తమ్ముడూ, దాన్ని అడ్డం పెట్టుకోకు. నువ్వెందుకు రావో నాకు తెలుసు.

నిరుడు మే నెలలో లీవు వంతు నీది. తాను దుబాయి వచ్చినాక పుట్టిన బిడ్డను ఒక్కసారన్నా చూసుకుంటానని నీ గదిలో ఉండే ఓదెలు అడిగితే, నీ వంతు అతనికిచ్చావు. హైదరాబాద్‌కు టికెట్ దొరక్క, మంగళూరులో దిగి రైల్లో వద్దామని ఆ విమానం ఎక్కాడు. కొండ నెత్తిన చదును చేసిన రన్‌వే అట అది. విమానం రన్‌వే దాటిపోయి లోయలో పడి కాలిపోయింది. ఆ రోజు టీవీలో ఆ మంటలు చూస్తూ మేము అన్నం ముట్టలేదు. "నా బదులు ఓదెలు సచ్చిండక్కా" అని నువ్వు ఫోన్లో ఏడ్చావు. అప్పటినుంచి ఊరి పేరెత్తడమే మానేశావు.

ఇంతసేపూ నాన్చింది ఇక చెప్పేస్తాను. ఓదెలు ఇంటికి పోవద్దని నువ్వు ఒట్టు పెట్టినా, మొన్న నేను ముస్తాబాద్ పోయి వచ్చాను. బస్సుల్లేవు. వేములవాడ, సిరిసిల్ల మీదుగా ఆటోలు మారుకుంటూ పోయాను. సిరిసిల్లలో కరెంటు లేక మరమగ్గాల సాంచాలు ఆగిపోయి, నేతపనోళ్లు అరుగుల మీద కూర్చుని ఉన్నారు. ఆ ఇల్లాలు దుమ్మెత్తి పోసినా తలొంచుకుని వినాలని మనసు గట్టి చేసుకున్నాను.

ఓదెలు భార్య సరిత అప్పుడే పత్తి ఏరి వచ్చింది. ఏసుబాబు అక్కనని చెప్పాను. చెంబుతో నీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుంది. నేనే నోరు విప్పాను. "మా తమ్ముని బదులు నీ పెనిమిటి పోయిండు చెల్లె. ఏమన్న అను, పడుత."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"బదులంటే ఏందక్కా? ఇయ్యాల నీ పొలంల నాటుకు నేనస్త, రేపు నా నాటుకు నువ్వస్తవు. మళ్ల తీర్చేది ఉంటెనే బదులు. మీ తమ్ముడు మాకేం తీర్చాలె? బిడ్డను సూసుకో పో అని తన వంతు ఊకెనే ఇచ్చిండు."

ఏడుపు ఆగలేదు. పలకరించడానికి పోయిన నన్నే ఆమె ఊరడించాల్సి వచ్చింది.

అలాగని నీమీద ఆమెకు కోపం లేదనుకోకు. బాగా ఉంది. ఒకే గదిలో ఉన్నవాడివి, ఇన్నాళ్లలో ఒక్క ఫోనన్నా చేయలేదని. అందుకు నేనేం సర్దిచెప్పను? నువ్వు సంతకం పెట్టవని, వచ్చేస్తావని ఆమెకు మాటిచ్చి వచ్చాను. అడగకుండా మాటిచ్చినందుకు తిట్టు, కానీ ఇంటికొచ్చి తిట్టు.

నేను లేచి గడప దాటుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. అప్పుడన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"పెట్టె తెరవనియ్యలేదక్కా. ఆయన మొకం నేను సూడలె. ఎయిర్‌పోర్టుకు తోలిచ్చింది మీ తమ్ముడే గద. ఆ పొద్దు ఏం తిన్నడో, బిడ్డ గురించి ఏమన్నడో ఆయనకే ఎరుక. అచ్చి చెప్పుమను. ఆయనను ఆఖరుకు సూసిన కండ్లనన్న నన్ను సూడనియ్యి."

ఇట్లు,
నీ కోసం మాటిచ్చి కూర్చున్న అక్క,
రూతమ్మ