బావ ఫొటో వెనక మాట

అక్కా,

బావ నా పేరెత్తితేనే మండిపడుతున్నాడని విన్నాను. న్యాయమే. ఆయన రేడియో రిపేరు షాపుకి వెబ్ పేజీ చేసిపెడతానని తగుదునమ్మా అంటూ బయల్దేరింది నేనే కదా.

నీ తమ్ముడు బొమ్మలు కనిపించని, ఉత్త అక్షరాల బ్రౌజర్ వాడే మహామేధావి. పేజీని నెట్‌లో పెట్టేముందు నా కంప్యూటర్‌లోనే తప్పులు పట్టే ప్రోగ్రాంకి చూపించాను. ప్రతి ఫొటో వెనకా, పైకి కనబడకుండా, దాని గురించి ఒక మాట రాయాల్సిందేనని అది పట్టుబట్టింది. బావ ఫొటోకి నోటికొచ్చింది రాసి పడేశాను: "బట్టతల బావ. ఇంతకన్నా మంచి ఫొటో అక్కనడగాలి." వెంటనే "తప్పులేమీ లేవు" అంది. నా బ్రౌజర్‌లో ఫొటో బదులు ఆ మాటే కనిపిస్తుంది. బొమ్మల్లేకుండా చూసే పిచ్చివాణ్ణి నేనొక్కణ్ణేలే అనుకుని అలాగే నెట్‌లో పెట్టేశాను.

చూపులేనివాళ్ళకి ఫోను అదే మాట పైకి చదువుతుందని ఈ మేధావికి తట్టలేదు. మొన్న అలా విన్న పెద్దాయనొకరు షాపుకొచ్చి, అందరి ముందూ "బట్టతల బావగారున్నారా?" అని ఎంతో మర్యాదగా అడిగారటగా!

ఇప్పుడు "రేడియోకి చెవి ఆనించి వింటున్న మా బావ" అని మార్చాను. ప్రోగ్రాం మళ్ళీ తప్పుల్లేవనే అంది. దాని మాట ఇక నమ్మను. నువ్వే బావకి చదివి వినిపించి, ఆయన మొహం ఎలా ఉందో రాయి.

నీ తమ్ముడు